తొంభై ఏడు బావులు

తొంభై ఏడు అనే అంకె కంప్యూటర్ తెర మీద కనబడినప్పుడే సరళకు అనుమానం రావాల్సింది. వచ్చింది కూడా. కానీ అనుమానం వచ్చిన మనిషి కాస్త ఆగి చూడాలి కదా, ఈ పిల్ల ఆగలేదు. "అమ్మో, ఇన్ని బావులా!" అని నోరు తెరిచి, మళ్లీ మూసుకుని, ప్రింటు బటన్ నొక్కేసింది.

సరళ కోదాడ బస్టాండుకు ఎదురుసందులో, సుధక్క నడిపే డీటీపీ సెంటర్‌లో టైపు చేస్తుంది. పెళ్లిపత్రికలు, కిరాయి అగ్రిమెంట్లు, సంతాప ఫ్లెక్సీలు, ఏది వస్తే అది. సొంతూరు నడిగూడెం పక్క తండా. తండ్రి హన్మాది మిర్యాలగూడలో ఓ రైసుమిల్లులో బాయిలర్ దగ్గర పని. ఉప్పుడు బియ్యానికి వడ్లు ఉడకాలి, ఉడకడానికి ఆవిరి కావాలి, ఆవిరికి బాయిలర్ కావాలి, బాయిలర్‌కు నీళ్లు కావాలి. ఆ నీళ్లు మిల్లు వెనకున్న పాత బావిలోంచి వస్తాయి. ఏళ్ల తరబడి ఆ పొయ్యిలోకి ఊక ఎగదోసిన చేతులు హన్మావి. తండా ఆడవాళ్లు పదకొండు మంది కూడా సీజనంతా అక్కడే వడ్లు ఎత్తుతూ, మిల్లువాళ్లిచ్చిన రేకుల గదుల్లో ఉంటారు.

మొన్నటి ఎండాకాలం ఆ బాయిలర్ పేలింది. షెడ్డు కూలిపోయింది. హన్మా కుడిచెయ్యి మోచేతి దాకా కాలి, నెలన్నర దవాఖానలో పడుకున్నాడు. మిల్లు యజమాని కొడుకు కృష్ణ మాత్రం తాపీగా ఒక కాగితం రాసిచ్చాడు. హన్మా నిద్రపోయాడట. నీళ్లు తగ్గడం చూసుకోలేదట. బాయిలర్‌లో లోపం ఉందని ముందు ఎవరికీ ఒక్క మాట కూడా చెప్పలేదట. దాని మీద విచారణ పడింది. తప్పు హన్మాదేనని తేలితే కేసు అతని మెడకే చుట్టుకుంటుంది. ఆపైన ఈ జిల్లాల్లో ఏ మిల్లూ అతన్ని బాయిలర్ ఛాయలకు రానివ్వదు. యాభై దాటిన మనిషికి చేతనైన పని అదొక్కటే.

చెప్పకపోవడమేమిటి, నిక్షేపంగా చెప్పాడు. వారం ముందునుంచీ చెబుతూనే ఉన్నాడు. విన్నవాళ్లు ఆ పదకొండు మంది ఆడవాళ్లు. అందుకే సరళ సుధక్క ల్యాప్‌టాప్ అడిగి తీసుకుని, మిర్యాలగూడ పోయి, రేకుల గదుల ముందు కూర్చుని వాళ్లు చెప్పింది చెప్పినట్టు టైపు చేసింది. ఎవరు చెబితే ముందు వాళ్ల పేరు, పక్కన వాళ్ల మాట. వాళ్లలో పెద్దది పుష్పాబాయి. సరళకు వరసకు పెద్దమ్మ అవుతుంది. ఆమె పక్కనే కూర్చుని, సరళ వేళ్లకేసి చూస్తూ, "నేను సెప్పిందే కొట్టు బిడ్డా, నీ సొంతం కలపకు" అని రెండు మూడుసార్లు హెచ్చరించింది.

ఆ కాగితాలు పట్టుకుని సరళ సూర్యాపేటలో వకీలు మహేశ్వర్ దగ్గరికి పోయింది. ఆయన మంచివాడే. ఫీజు మాట ఎత్తలేదు, చాయ్ కూడా తెప్పించాడు. మొదటి పేజీ చదివి మాత్రం కళ్లద్దాలు పైకి జరిపాడు.

"ఇదేందమ్మా, బాయిల నీళ్లు అని రాసినవ్?"

"వాళ్లు గట్లనే అన్నరు సార్."

"అంటరమ్మా. మా ఇంట్ల నేనూ బాయి అనే అంట. కని ఇది ఆఫీసుకు పొయ్యే కాగితం. బావి అని రాయాలె. లేకుంటే వీళ్లకు తెలుగే రాదు, వీళ్ల మాటేందని తీసి పక్కకు వెడ్తరు. అంతట మార్చు. మిగతదంత మంచిగనే ఉంది."

సరళకు చెవులు వేడెక్కాయి. ఇంట్లో లంబాడీల గోరుమాటి, బడిలో పుస్తకం తెలుగు, బజారులో ఈ తెలుగు. ఏది ఎక్కడ మాట్లాడాలో తెలియక చిన్నప్పటినుంచీ నవ్వులపాలైన పిల్ల. వకీలు మాట ఆమెకు సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది. కోదాడకు వచ్చీ రాగానే ఎడిటర్‌లో ఆ ఫైలు తెరిచింది. వెతికే గడిలో బాయి అని కొట్టింది. మార్చే గడిలో బావి అని కొట్టింది. వకీలు అంతట అన్నాడు కదా, అన్నీ మార్చు అనే బటన్ నొక్కింది. కిందిమూలన చిన్న అక్షరాల్లో, తొంభై ఏడు చోట్ల మార్చినట్టు కనబడింది.

పదో పదిహేనో ఉంటాయనుకున్న పిల్ల ఆ అంకెను రెండోసారి చదువుకుంది. మిల్లుకు ఉన్నది ఒకటే బావి. పదకొండు మంది దాన్ని అన్నిసార్లు తలుచుకున్నారా? తలుచుకునే ఉంటారు, నీళ్ల గొడవే కదా అంతా అని తనకు తనే సర్ది చెప్పుకుంది. అవతల సుధక్క ఎవరిదో ఫ్లెక్సీ ఆలస్యమవుతోందని కేకలేస్తోంది. ప్రింట్లు తీసి, మిల్లుకు పోయి, పదకొండు మందితో సంతకాలు పెట్టించుకొచ్చింది. తను వేలు చూపించిన చోట వాళ్లు పెట్టారు. ఫైలు వకీలుకు పంపింది. ఆయన మళ్లీ చదవకుండానే అటు విచారణ ఆఫీసుకూ, ఇటు మిల్లుకూ పంపించాడు.

విచారణ రోజున సరళ కోదాడలో మిర్యాలగూడ బస్సెక్కింది. వకీలుకు సూర్యాపేటలో వేరే కేసుంది. "కాగితాలున్నయి గదమ్మా, అవే మాట్లాడ్తయ్" అని ధైర్యం చెప్పి పంపాడు. హుజూర్‌నగర్ దాటేదాకా సరళ ఆ మాటే నమ్ముకుని నిద్రపోయింది.

విచారణ మిల్లు ఆఫీసు గదిలోనే. వచ్చిన అధికారి నవనీత. నలభై ఏళ్లుంటాయి, ముఖంలో విసుగు లేదు గానీ తొందరుంది. సాయంత్రం లోపల ఇంకో మిల్లుకు పోవాలట. బల్లకు అటు పక్క కృష్ణ కూర్చున్నాడు. ఇటు పక్క హన్మా, కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని, కుర్చీ అంచున కూర్చున్నాడు. సరళ అతని వెనక నిలబడింది.

నవనీత ల్యాప్‌టాప్‌లో ఫైలు తెరిచి, "నలభై పేజీలా!" అంది.

"అంతా చదవక్కర్లేదండీ మేడం" అన్నాడు కృష్ణ. వాళ్లది కృష్ణానదికి అవతలి పక్క ఊరు, మాట మెత్తగా ఉంటుంది. "నిన్న నేనూ చూశాను. బాయిలర్ అని కొట్టి వెతకండి. ఎన్నిసార్లుందో అదే చెబుతుంది."

ఆమె కొట్టింది. తెరకేసి చూసింది. మళ్లీ ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టింది.

"సున్నా" అంది.

"అదేనండీ నేను చెప్పేది. బాయిలర్ బాలేదని చెప్పాడంటూ సాక్ష్యం తెచ్చారు. ఆ సాక్ష్యంలో బాయిలర్ అన్న మాటే లేదు."

సరళ తెరకేసి వంగి చూసింది. లేకపోవడమేమిటి? తన వేళ్లతో కొట్టిన మాట. ఎన్నిసార్లు కొట్టిందో, ఆ 'లర్' దగ్గర చిటికెనవేలు నొప్పి పుట్టింది కూడా. "మేడం, మళ్లొకసారి చూడండి మేడం, స్పెల్లింగు తప్పు పడ్డదేమో" అంది. నవనీత మళ్లీ చూసింది. సున్నాయే. కంప్యూటర్‌కు మొహమాటం ఉండదు కదా, ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు.

హన్మా మెల్లగా వెనక్కి తిరిగాడు. "పోనియ్ బిడ్డా" అన్నాడు. "వాళ్లకూ పిల్లలున్నరు. ఈయిన మిల్లుల పని సేస్కుంట ఈయిన మీద ఎట్ల సెప్తరు? నేనైనా సెప్పకపోదును."

"చెప్పిన్రు నాయినా! నా ముందట కూసోని చెప్పిన్రు!"

"మరి గాడ సున్న ఎందుకొచ్చింది?"

ఆమెకే తెలియదు. తండ్రి గొంతులో కోపం లేదు, అదే ఆమెను కోసింది. ఇన్నాళ్లూ దవాఖానలో కట్లు మార్చేటప్పుడు కూడా అయ్యో అనని మనిషి, తనవాళ్లే తన గురించి నోరు విప్పలేదని నమ్మి తల దించుకున్నాడు. సరళకు ఏడుపొచ్చింది. వాళ్లు చెప్పడం తను కలగన్నదా ఏమిటి? పిచ్చిగానీ పట్టలేదు కదా తనకు?

"మేడం, జర పుష్పాబాయి అని కొట్టండి. ఆమె పేరు మొదటి పేజీలనే ఉంటది."

నవనీత కొట్టింది. "సున్నా."

కృష్ణ నవ్వాపుకోలేకపోయాడు. "సాక్షులే లేరండీ ఇందులో!"

నవనీత కూడా ఇప్పుడు అయోమయంగా చూసింది. మాటల్లేకపోతే సరే, మనుషులు కూడా లేకపోవడం ఏమిటని ఆమెకూ తోచినట్టుంది. "ఈ నలభై పేజీల్లో మరేముందమ్మా?" అంది.

"హన్మ అని కొట్టండి మేడం."

ఈసారి తెర మీద అంకె వచ్చింది. అరవై పైచిలుకు. మొదటిది కనబడిన చోటికి పోయి నవనీత పైకి చదవడం మొదలుపెట్టింది.

"పుష్పాబావి. హన్మన్న అబ్బావిగారితోటి సెప్పిండు. బావిల నీళ్లు అడుగంటినయి, బురద వస్తున్నది, బావిలర్ ఆపుదం అన్నడు. అబ్బావిగారు ఇనలే..." ఆమె ఆగిపోయింది. "ఏమిటిది? అబ్బావిగారెవరు? బావిలర్ ఏమిటి?"

కృష్ణ పకపకా నవ్వాడు. నవనీత పెదవి బిగపట్టుకుంది గానీ ఆమెకూ నవ్వొచ్చింది. నవ్వు రానిది సరళకొక్కదానికే. తొంభై ఏడు బావులూ ఒక్కసారి కళ్ల ముందు నోళ్లు తెరిచాయి.

బాయి. ఒక్క బావిలోనే ఉందా ఆ మాట? తండా ఆడవాళ్లందరి పేర్ల చివరా ఉంది. ఆ పేర్లు ప్రతి మాటకూ ముందున్నాయి. ఈ కృష్ణను మిల్లులో ఎవరూ పేరుపెట్టి పిలవరు, అబ్బాయిగారంటారు. అందులోనూ ఉంది. బాయిలర్‌లోనైతే మొదటే ఉంది. కంప్యూటర్‌కు బావేదో, మనిషేదో, బాయిలరేదో ఏం తెలుసు? ఆ రెండక్షరాలు ఎక్కడ కనబడితే అక్కడ మార్చమంది తను, మార్చింది అది. ఎవరు చెప్పారో, ఎవరితో చెప్పారో, దేని గురించి చెప్పారో, అన్నీ ఒక్క దెబ్బకు తీసుకెళ్లి బావిలో పడేసింది తనే.

గబగబా చెప్పింది. సగం తెలుగు, సగం ఏడుపు. వకీలు మీద కోపమొచ్చింది ముందు. తర్వాత తన మీదే అసహ్యం వేసింది. పెద్దమ్మ అంతగా చెప్పింది, నీ సొంతం కలపకని. కలిపింది. బాయి అంటే ఎవరో నవ్వుతారని వాళ్ల మాట దిద్దబోయి, తండ్రి ప్రాణం మీదికి తెచ్చింది.

"ఒక్క బటన్ మేడం" అంది బతిమాలుతూ. "బావి తీసేసి మళ్ల బాయి అని పెడితే అంత మునుపటి లెక్కనే అయితది. ఇప్పుడే మీ ముందట్నే చేస్త."

నవనీత ల్యాప్‌టాప్‌ను తన వైపు లాక్కుంది. "ఒక బటన్ నొక్కి అంతా మార్చావు. ఇప్పుడింకో బటన్ నొక్కి మళ్లీ మారుస్తానంటున్నావు. నేను దేన్ని నమ్మాలమ్మా?"

సరళ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మేడం, సంతకాలు పెట్టింది ఈ కాగితాల మీదే కదండీ" అన్నాడు కృష్ణ. నవ్వు మానేశాడు, మాటలో పదును వచ్చింది. "పుష్పాబావి అన్న మనిషి మా మిల్లులో లేదు. అబ్బావిగారు అన్నవాడూ లేడు. లేనివాళ్లు లేనివాడితో ఏదో చెప్పారని నా మీదికి తెస్తే ఎలాగండీ?"

నవనీత ఆ కాగితాల కట్టను పక్కకు జరిపింది. "వీటిని నేను తీసుకోలేను" అంది. హన్మా లేవబోయాడు. అయిపోయిందనుకున్నాడు. ఆమె చెయ్యి ఊపి కూర్చోమంది. "కాగితాలు తీసుకోలేనన్నాను. మనుషులు ఉన్నారుగా? పెద్దామె ఎవరు? పిలవండి."

రేకుల గది ముందు కూర్చుని చెప్పడం వేరు, ఇక్కడ చెప్పడం వేరు. రేపటినుంచి పనిలోకి రావద్దు, గది ఖాళీ చెయ్యమని ఒక్క మాట అనగలిగినవాడు ఎదురుగా కూర్చున్నాడు. సరళ పోయి పిలిచింది. దారిలో జరిగింది చెప్పబోతే పుష్పాబాయికి ఒక్క ముక్క అర్థం కాలేదు. "నన్ను బాయిల ఏసినవా? ఎందుకేసినవే?" అంది. వివరించడానికి సమయం లేదు, గది వచ్చేసింది.

పుష్పాబాయి తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి, జుట్టులో ఇరుక్కున్న ఊక దులుపుకుని లోపలికొచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. మిగతా ఆడవాళ్లు పని ఆపి గుమ్మం బయట గుంపుగా చేరారు.

"బాయిలర్ బాగాలేదని హన్మా ముందే చెప్పాడా?" అని అడిగింది నవనీత.

పుష్పాబాయి కృష్ణకేసి చూసింది. కృష్ణ ఆమెకేసి చూశాడు. హన్మా ఎవరికేసీ చూడలేదు, ఒళ్లో ఉన్న చెయ్యికేసి చూసుకుంటున్నాడు. చెప్పదు, ఇక చెప్పదు అనుకుంది సరళ.

"సెప్పిండు" అంది పుష్పాబాయి.

"ఎవరితో?"

"ఈ అబ్బాయిగారితోని. మా అందరి ముందట. బాయిల నీళ్లు లేవు, బాయిలర్ బందువెట్టున్రి అన్నడు. రెండు దినాలల్ల లారీలు లోడు కావాలె, బందువెట్టేది లేదన్నడు ఈయిన."

"ఎన్నిసార్లు చెప్పాడు?"

"లెక్కవెట్టలే మేడం."

"చూశారా!" అన్నాడు కృష్ణ ఎగిరి పట్టుకున్నట్టు. "ఎన్నిసార్లో తెలియదట. ఎవరో నేర్పించి పంపారండీ."

పుష్పాబాయికి అప్పుడొచ్చింది కోపం. అప్పటిదాకా గొంతు నూతిలోంచి వచ్చినట్టు వచ్చిన మనిషి, ఒక్కసారి వడ్ల కుప్పల మీద కేకేసే గొంతు తీసింది.

"లెక్కెట్ల వెడ్తం సారూ? ఆయినె ఉరుకున్రి, ఉరుకున్రి అని మొత్తుకుంటుంటె, ఇది ఎన్నోసారి అని ఏళ్లు మడుసుకుంట నిలవడ్తరా ఎవలన్న? ఆ వారమంత నీళ్లు తగ్గినప్పుడల్ల కేకేసిండు. కేకేసినప్పుడల్ల గంపలు గాడ్నే పారేసి బయటికి ఉరికినం. పని ఎగ్గొడ్తున్నరని మీరు తిట్టిన్రు, యాదిలేదా? ఆ దినం గూడ ఉరికినం. ఆయినొక్కడే ఆవిరి ఇడిసేటందుకు లోపల ఉండిపొయ్యిండు. నిద్రవొయ్యెటోడు గట్ల మొత్తుకుంటడా? మేం పదకొండు మందిమి పానాలతోని గీడ నిలబడ్డం. లెక్క గావాల్నంటె మమ్ముల లెక్కవెట్టుకో మేడం."

గుమ్మం దగ్గర గుంపు కదిలింది. ఒకామె లోపలికొచ్చింది, వెనకే ఇంకొకామె. పిలవకుండానే వచ్చి పుష్పాబాయి పక్కన నిలబడ్డారు. గది చిన్నది, చోటు చాలక చివరివాళ్లు గుమ్మంలోనే నిలబడాల్సి వచ్చింది. కృష్ణ ఏదో అనబోయి, అంతమందిని చూసి మానేశాడు.

నవనీత ల్యాప్‌టాప్ మూసేసింది. బ్యాగులోంచి తెల్లకాగితాలు, పెన్ను తీసింది. "ఒక్కొక్కరు చెప్పండి. మీరెలా అంటే అలాగే రాస్తాను" అంది. తర్వాత కృష్ణ వైపు తిరిగి, "హన్మా ముందే హెచ్చరించాడని రాస్తున్నాను. నిద్రపోయాడన్నది మీరు రుజువు చేసుకోవాల్సి ఉంటుంది" అని చెప్పింది. ఇంకో మిల్లుకు పోవాల్సిన సంగతి ఆమె మళ్లీ ఎత్తలేదు.

సరళ తండ్రి కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "తప్పు నాదే నాయినా, వాళ్లు అన్నీ చెప్పిన్రు, నేనే పాడుచేసిన" అంది వెక్కుతూ. హన్మా ఆమె మాట వింటున్నట్టు లేదు. గదిలో నిలబడ్డ ఆడవాళ్లను ఒక్కొక్కరినే చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ ఎడమచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

"ఆ దినం నా మాట ఇని ఉరికిన్రో లేదో నాకు ఇయ్యాల్టిదాక తెల్వదు బిడ్డా" అన్నాడు. "మొత్తుకున్న గని, ఎనక్కి తిరిగి సూసెటందుకు టైము లేకుండె."